కాటర్ వంతెన కుళాయి

లాకు దాటిన ప్రతిసారీ గ్లెనిస్ కుడి చెయ్యి ముందుకు చాపి, అరచేతిని నేలవైపు తిప్పి, మెల్లగా కిందికి దించేది. పక్కన కుక్క ఏదో ఉన్నట్టు, దాని తల నిమిరినట్టు ఉండేది. లాకులోకి నీళ్ళు వదిలే షట్టర్లు, ఈ గట్టుదీ ఆ గట్టుదీ, రెండూ దించేశానని దానర్థం. పడవ వెనక చుక్కాని పట్టుకుని నిలబడ్డ రెగ్ ఆ చెయ్యి చూసేదాకా కదిలేవాడు కాదు. చూశాక కూడా అడిగేవాడు.

"దించావా?"

"దించా."

"రెండూనా?"

"లేదు, ఒకటి నీ సమాధి మీదికి అట్టిపెట్టా. పద."

ఇరవై రెండేళ్ళు ఆ మాటలు మారలేదు. పోట్లాడుకుని పలకరింపులు మానేసిన రోజుల్లో కూడా లాకు దగ్గర ఆ నాలుగు మాటలు నడిచేవి.

షట్టరు ఒక్కటి పైకి వదిలేస్తే చాలు. లాకు పైనున్న నీళ్ళన్నీ పాత తలుపుల సందుల్లోంచి రాత్రికి రాత్రే దిగిపోతాయి. పైన కట్టుకున్న పడవలు తెల్లారేసరికి బురదలో కూచుంటాయి. అలా వదిలేసిన మనిషిని కాలువ మీద ఎవరూ మరిచిపోరు. తొమ్మిదేళ్ళ కిందట క్లెమ్ వదిలేశాడు. అప్పటినుంచి అతను ఎండగట్టే క్లెమ్. ఆ పేరు పెట్టింది గ్లెనిసే. ఇప్పుడు అతని పడవ ఆమె పడవ వెనకే ఉంటుంది. పొద్దున్నే "ఎండగట్టేవాడా, టీ పెట్టావా?" అని ఆమె కేకేస్తే అతను కప్పు తెచ్చి ఇస్తాడు.

గ్లెనిస్ రడ్జ్‌కి అరవై తొమ్మిదేళ్ళు. మెల్‌బరీ పట్నంలో మేజోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు పనిచేసింది. మేజోడు వేళ్ళ దగ్గర కలిపి కుట్టడం ఆమె పని. ఫ్యాక్టరీ మూసేశాక ఒక ఏడాది ఇంట్లో కూచుంది. రెగ్ అప్పుడు బడిలో కాపలాదారు. ఒక శనివారం అతను ఆమెని కాలువ గట్టుకు తీసుకెళ్ళి, ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిన ఒక పొడుగు ఇనుప పడవ చూపించాడు. పడవ పేరు డాబ్‌చిక్. ఏడడుగుల వెడల్పు.

"ఇందులో ఎవరుంటారు?" అంది గ్లెనిస్.

"మనమే."

"నీకు పిచ్చెక్కింది."

ఇల్లు అమ్మేశారు. పిల్లలు లేరు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. మొదటి చలికాలం ఆమె రోజూ ఏడ్చింది. రెండో చలికాలం మానేసింది. మూడో ఏడు చెల్లెలి ఇంటికి వెళితే, నేల కదలడం లేదని నిద్రపట్టలేదు.

ఇళ్ళల్లో వాళ్ళకి గోడ లోపల ఉండేవన్నీ పడవవాళ్ళకి గట్టు మీద ఉంటాయి. కాటర్ వంతెన పక్కన ఒక ఇటుకల గది. బయట గోడకి కుళాయి. లోపల పడవల్లో మరుగుదొడ్డి కింద ఉండే పెట్టెలు తెచ్చి పారబోసే తొట్టి, ఒక స్నానాల గది, ఒక బట్టలు ఉతికే యంత్రం. వెనక చెత్తడబ్బాలు. అందరి దగ్గరా ఒకే రకం తాళంచెవి. నీళ్ళలో పడ్డా మునగకుండా దానికొక బెండు ముక్క వేలాడుతుంది. పదిరోజులకోసారి పడవ అక్కడికి చేర్చి గొట్టం తగిలిస్తే, పడవలోని నీళ్ళ తొట్టె నిండడానికి గంటన్నర. ఆ గంటన్నరలో ఎవరు చచ్చిపోయారో, ఎవరి ఇంజను పోయిందో, ఎవరి పెళ్ళాం ఎవరి పడవలోకి మారిందో తెలిసేది.

అక్టోబరులో రెగ్‌కి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, మాట, మూడూ ఒకే ఉదయం పోయాయి. మెల్‌బరీ ఆసుపత్రిలో నాలుగు నెలలున్నాడు. కాలు కొంచెం తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. మాటలు మూడే తిరిగి వచ్చాయి. ఒకటి గ్లెన్. రెండోది ఇంటికి. మూడోది నర్సుల ముందు అనకూడనిది, అదే ఎక్కువ అంటాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఆసుపత్రి నుంచి బ్రైయనీ వచ్చింది. రోగులు ఇంటికి వెళ్ళగలరో లేదో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ముప్పై ఏళ్ళుంటాయి. తల వంచి పడవలోకి దిగింది. మంచం చూసింది, పొయ్యి చూసింది. మంచం నుంచి పక్క తలుపు దాకా అడుగులు లెక్కపెట్టింది.

"నాలుగే," అంది గ్లెనిస్. "ఆయన వెయ్యగలిగేవీ నాలుగే. ఆయన కోసమే కట్టినట్టుంది."

బ్రైయనీ నవ్వింది. "చూడండి మిసెస్ రడ్జ్. నాకు కావలసినవి ఎక్కువేం లేవు. పంపు తిప్పితే నీళ్ళు రావాలి. వేణ్ణీళ్ళు రావాలి. మరుగుదొడ్డి పనిచెయ్యాలి. నేల సమంగా ఉండాలి. అంబులెన్సు గట్టు దాకా రావాలి."

"అన్నీ ఉన్నాయిగా."

"సోమవారం పదింటికి మళ్ళీ వస్తాను. ఆరోజు అన్నీ ఇలాగే ఉంటే సంతకం పెడతాను. మంగళవారం ఆయన ఇంట్లో ఉంటారు."

"లేకపోతే?"

బ్రైయనీ కాగితం మీంచి తలెత్తింది. "స్టోవర్టన్‌లో వృద్ధుల గృహం ఉంది. అక్కడ మంచం మంగళవారం దాకానే అట్టిపెడతారు. మీ దగ్గరికి పంపకపోతే అక్కడికే పంపాలి. ఆసుపత్రి మంచం ఇంక ఇవ్వలేమంటున్నారు."

స్టోవర్టన్ నలభై మైళ్ళు. ఆ ఊరికి కాలువ లేదు. పడవ అక్కడికి పోదు, పడవని వదిలి గ్లెనిస్ ఉండడానికి వేరే చోటు లేదు.

"సోమవారం పదింటికి," అంది గ్లెనిస్. "టీ తాగుదువుగాని."

నీళ్ళు తొట్టె అడుక్కి వచ్చాయి. ఆమె కావాలనే ఆగింది. సోమవారానికి నిండుగా ఉండాలంటే గురువారం పడితే సరిపోతుంది. మరుగుదొడ్డి పెట్టెలు రెండూ నిండాయి. అవీ గురువారమే.

గురువారం పొద్దున గొట్టం భుజాన వేసుకుని ఇటుకల గది దగ్గరికి వెళ్ళింది. తలుపుకి గొలుసు కట్టి ఉంది. గొలుసుకి కొత్త తాళం. కుళాయి విప్పి తీసుకుపోయారు, గోడలో గొట్టం మూతి మాత్రం ఉంది. కాగితం ఒకటి అంటించారు. చలికి లోపలి గొట్టాలు పగిలాయి, బాగుచేయడం వీలుకాదు, ఈ సదుపాయం శాశ్వతంగా మూసివేయడమైనది, దగ్గరలోని సదుపాయం హాక్స్‌లీ.

గ్లెనిస్ తన తాళంచెవి కొత్త తాళంలో పెట్టి చూసింది. పట్టదని తెలుసు. అయినా పెట్టింది.

వెనకాల క్లెమ్ బకెట్టుతో నిలబడి ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. తుంటి అరిగిపోయి ఒక పక్కకి ఊగుతూ నడుస్తాడు.

"నీళ్ళ మీద బతుకుతూ నీళ్ళకి ఏడవడం మనకే చెల్లింది," అన్నాడు. కాగితం మళ్ళీ చదివాడు. "శాశ్వతంగానట. వీళ్ళు బాగుచేసేది ఏదైనా శాశ్వతంగా ఉంటుందా? మూసేస్తే మాత్రం శాశ్వతం."

"సోమవారం ఆ పిల్ల వస్తుంది క్లెమ్."

"తెలుసు."

"పంపు తిప్పితే నీళ్ళు రావాలంది."

"తెలుసు తల్లీ."

ఆరోజంతా ఆమె తిరిగింది. చర్చి ముంగిట కుళాయి ఉంది, చలికి కట్టేశారు. పబ్బు మార్చి దాకా తెరవరు. పొలం ఆయన పశువుల తొట్టి చూపించాడు, మీద వేలు మందాన మంచు. మరుగుదొడ్డి పెట్టె పారబోస్తానంటే మాత్రం మొహం తిప్పుకున్నాడు. శుక్రవారం క్లెమ్ ఫోను తీసుకుని కాలువ కార్యాలయానికి చేసింది. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"మీకు దగ్గరలో హాక్స్‌లీలో సదుపాయం ఉందండి."

"ఆరు మైళ్ళమ్మా. ఐదు లాకులు. నా మొగుడికి ఒక పక్క పడిపోయింది. నేనొక్కదాన్నే."

"మ్యాపులో దగ్గరగానే కనబడుతోందండి."

"నువ్వు కూచున్న చోటికి నీళ్ళు ఎంత దూరం?"

"వెనకే ఉందండి. డిస్పెన్సరు."

"తాగమ్మా," అని గ్లెనిస్ ఫోను క్లెమ్‌కి ఇచ్చేసింది.

పడవ హాక్స్‌లీలోనే ఉంచి రెగ్‌ని అక్కడికే తెప్పిద్దామా అని కూడా ఆలోచించింది. అక్కడ గట్టు వెంట ఫ్యాక్టరీ కంచె. అంబులెన్సు రాదు. నీళ్ళు పట్టుకోవడానికి తప్ప ఆగనివ్వరు. కాటర్ వంతెన దగ్గర ఉండడానికి ఆమెకి మార్చి దాకా అనుమతి ఉంది, పక్కనే రోడ్డు ఉంది, నేల చదును. రెగ్ రావాలంటే అక్కడికే రావాలి. కాబట్టి దిగి వెళ్ళి, నింపుకుని, ఎక్కి రావాలి. శనివారం వెళితే ఆదివారం చీకటి పడేలోపు వచ్చేయవచ్చు.

"నేనొస్తా," అన్నాడు క్లెమ్. "నువ్వు చుక్కాని పట్టుకో. లాకులు నేను చూస్తా."

"నువ్వా? నువ్వొస్తే కాలువలో కోళ్ళు మేస్తాయి."

క్లెమ్ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. గ్లెనిస్ అది చూసింది. తర్వాత సర్దిచెప్పవచ్చు అనుకుంది. ఆ తుంటితో అతను లాకు తలుపు మీద నడవలేడన్నది నిజం. దాన్ని అలా చెప్పి ఉండవచ్చు.

శనివారం ఎనిమిదింటికి తాళ్ళు విప్పింది. రెగ్ నడిపిన పడవని ఆమె ఇరవై రెండేళ్ళలో పదిసార్లు నడిపిందేమో. చుక్కాని చల్లగా, బరువుగా ఉంది. లాకు వచ్చిన ప్రతిసారీ పడవని గట్టుకి చేర్చి కట్టాలి, దిగాలి, నీళ్ళు సమం చెయ్యాలి, తలుపు తోయాలి, పడవని లోపలికి తేవాలి, నీళ్ళు దించాక తాడు పళ్ళతో పట్టుకుని, నాచు పట్టిన ఇనుప నిచ్చెన మీద పడవలోకి దిగాలి. ఇద్దరుంటే పావుగంట పని. ఆమెకి ముప్పావుగంట పట్టింది. మూడో లాకులో నిచ్చెన మీద కాలు జారి మోకాలు కొట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి హాక్స్‌లీ చేరింది. ముందు మూడు పడవలు వరసలో ఉన్నాయి. కాటర్ మూసేశాక అందరూ ఇక్కడికే వస్తున్నారు. కుళాయి సన్నగా, దారంలా కారుతోంది.

ఆమె వంతు ఆదివారం ఏడింటికి వచ్చింది. గొట్టం తగిలించింది. మరుగుదొడ్డి పెట్టెలు ఒక్కొక్కటే చక్రాల బండి మీద తోసుకెళ్ళి పారబోసింది. ఊపిరి బిగబట్టి కడిగింది, మళ్ళీ కడిగింది. వాటిని అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలేదు. తొట్టె నిండేలోపు స్నానాల గదిలోకి వెళ్ళింది. పదకొండు రోజులైంది స్నానం చేసి. వేణ్ణీళ్ళ కింద మూడు నిమిషాలు నిలబడింది. బయట ఎవరో తలుపు కొట్టారు. తడిజుట్టు మీదే ఉన్ని టోపీ పెట్టుకుని బయటికి వచ్చింది.

పది కావస్తుండగా తొట్టె నిండింది. తొట్టె బరువుకి పడవ ముక్కు కొంచెం కిందికి వంగింది. అది చూసి గ్లెనిస్‌కి నాలుగు రోజుల తర్వాత ఊపిరి ఆడింది. కాలువ వెడల్పుగా ఉన్నచోట పడవ తిప్పింది.

ఎక్కడం దిగడం కంటే కష్టం. కింద లాకులోకి పడవని నడపాలి, నిచ్చెన ఎక్కాలి, వెనక తలుపులు మూయాలి, ముందు షట్టరు ఎత్తాలి. నీళ్ళు పొంగి పడవని ముందుకీ వెనక్కీ విసురుతాయి. తాడు పట్టి ఆపాలి. ఒక్కర్తే కాబట్టి ప్రతి లాకు దగ్గరా ఇవతలి గట్టు షట్టరు ఒక్కటే ఎత్తింది. నెమ్మది అవుతుంది, కానీ తలుపు మీద నుంచి అవతలికి దాటనక్కర్లేదు. ఒకటి. రెండు. మూడు. నాలుగో లాకు దాటేసరికి మంచు కలిసిన వాన మొదలైంది. వేళ్ళు మొద్దుబారాయి. షట్టరు తిప్పే ఇనుప పిడి చేతిలో ఉందో లేదో చూసుకోవలసి వచ్చింది.

ఐదోది కాటర్ లాకు. దాటితే వంతెన. దాని కింది తలుపు అడుగున చెయ్యి పట్టేంత సందు ఉంది. బాగుచేయమని రెండేళ్ళుగా అందరూ రాస్తున్నారు. అందులోంచి నీళ్ళు పోతూ ఉంటే లాకు నిండదు. ఇవతలి షట్టరు ఎత్తి పది నిమిషాలు నిలబడింది. సగం నిండి ఆగిపోయింది. వెలుతురు తగ్గిపోతోంది. తలుపుకి కొట్టిన పలక మీదుగా అవతలి గట్టుకి దాటి రెండో షట్టరు కూడా ఎత్తింది. మళ్ళీ ఇవతలికి వచ్చింది. లాకు నిండింది. తలుపు వీపుతో నెట్టి తెరిచింది, పడవని బయటికి తెచ్చి కట్టింది, వెళ్ళి తలుపు మూసింది. ఇవతలి షట్టరు దించింది. పిడి నడుముకి దోపుకుంది.

వంతెన కింద క్లెమ్ పడవ కిటికీలో దీపం కనబడింది. పొగ కనబడింది.

ఆమె పడవ దగ్గరికి నడిచింది. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. దించావా అని ఎవరూ అడగలేదు. తాడు విప్పి ఎక్కింది. అవతలి షట్టరు పైకే ఉంది.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించింది. పంపు తిప్పింది. నీళ్ళు వచ్చాయి. ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత వేడిగా. రెగ్ పక్క మీద ఉతికిన దుప్పటి పరిచింది. మంచం నుంచి తలుపు దాకా కాళ్ళకి అడ్డం వచ్చేవన్నీ తీసేసింది. బ్రైయనీకి ఇవ్వడానికి ఒక మంచి కప్పు ఎంచి బల్ల మీద పెట్టింది. నిద్ర వెంటనే పట్టింది.

పొద్దున ఆరున్నరకి గోడకి ఒత్తుకుని లేచింది. నేల ఒక పక్కకి వాలి ఉంది. కప్పు బల్ల మీద లేదు. పంపు తిప్పింది. పంపు దగ్గింది, ఉమ్మింది, ఒరిగిన తొట్టెలో నీళ్ళు అందక గాలి వచ్చింది. తలుపు తెరవబోతే బరువుగా మీద పడింది.

బయట బురద వాసన. కాలువ మధ్యలో ఒక సన్నని పాయ మాత్రం ఉంది. సైకిలు ఒకటి, టైర్లు, సంచులు బయటపడ్డాయి. డాబ్‌చిక్ గట్టువైపు రాళ్ళ మీద ఎక్కి కాలువ మధ్యకి ఒరిగిపోయింది. వెనక క్లెమ్ పడవా అంతే. లాకు వైపు నుంచి క్లెమ్ ఊగుతూ వస్తున్నాడు. చేతిలో ఇనుప పిడి ఉంది.

"ఎవడు?" అని అరిచింది గ్లెనిస్. "ఏ దరిద్రుడు వదిలేశాడు? వాడి చేతులు పడిపోను! ఇవాళే దొరికిందా వాడికి?"

క్లెమ్ దగ్గరికి వచ్చాడు. పిడి కోటు జేబులోకి జారవిడిచాడు.

"కుర్రాళ్ళ పని," అన్నాడు. "ఆదివారం ఊళ్ళోంచి వస్తారుగా వెధవలు. ఎత్తి పోయారు. నేను దించేశా."

"ఏది ఎత్తారు?"

"ఏదైతేనేం."

"ఏది క్లెమ్?"

అతను బురదలో సైకిలు వైపు చూశాడు. "అవతలిది."

గ్లెనిస్ గట్టు మీద తడిగడ్డిలో కూచుంది. పిడితో అవతలికి దాటడం గుర్తుంది. ఇవతలికి రావడం గుర్తుంది. మళ్ళీ దాటడం గుర్తులేదు. ఎంత వెతికినా అది దొరకలేదు.

"కుర్రాళ్ళే," అన్నాడు క్లెమ్ మళ్ళీ. "లే తల్లీ. ఇంకా మూడున్నర గంటలుంది."

వంతెనకి ఎగువనున్న లాకు దగ్గరికి అతనే వెళ్ళాడు, ఆ తుంటితో. పై నుంచి నీళ్ళు వదిలాడు. పైనా నీళ్ళు తక్కువే, అంతా వదిలితే అక్కడి పడవలూ కూచుంటాయి. గంటకి వేలెడు చొప్పున పెరిగాయి. గ్లెనిస్ చెక్క పెట్టి కొలిచింది. అలా అయితే సాయంత్రం కావాలి.

అప్పుడు బొగ్గు సంచులు మోసింది. పడవ కప్పు మీద, ముందు భాగంలో పదకొండు సంచులున్నాయి. ఒక్కోటి పాతిక కిలోలు. అన్నిటినీ గట్టువైపుకి ఈడ్చి ఒకదాని మీద ఒకటి పేర్చింది. పడవ కొంచెం కదిలింది, కొంచెం లేచింది. మూలిగి ఆగింది. ఇంకా ఏమున్నాయి? ఇనుప గొలుసు. లంగరు. రెగ్ పనిముట్ల పెట్టె. మరుగుదొడ్డి పెట్టెలు. పుస్తకాలు. బియ్యం, బంగాళాదుంపలు. అన్నీ గట్టువైపుకి చేర్చింది. చివరికి తను వెళ్ళి అక్కడ నిలబడింది. పంపు ఒకసారి దగ్గి, కొంచెం నీళ్ళు ఇచ్చి, మళ్ళీ ఆగింది.

పదికి ఐదు నిమిషాలుండగా బ్రైయనీ వచ్చింది. గట్టు మీద నిలబడి పడవని చూసింది, కాలువని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"లోపలికి రా," అంది గ్లెనిస్. మొహం అంతా బొగ్గు. "లోపల బాగానే ఉంది. దుప్పటి మార్చాను. తొట్టె నిండుగా ఉంది, చూడు, నిండుగా ఉంది. మరుగుదొడ్డి కడిగాను. అన్నీ ఉన్నాయి."

బ్రైయనీ వచ్చింది. మొదటి అడుగులోనే గోడ పట్టుకుంది. రెండో అడుగు వెయ్యలేదు.

"మిసెస్ రడ్జ్, ఆయన నాలుగడుగులు వేస్తారు. ఈ నేల మీద నేనే వెయ్యలేకపోతున్నాను."

"సాయంత్రానికి నీళ్ళొస్తాయి."

"సాయంత్రానికి నా కాగితం వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం రెండింటికల్లా."

"ఒక్క రోజమ్మా."

"మంచం రేపటి దాకానే. నేను వాళ్ళని అడిగాను, పొద్దునే అడిగాను, ఇంకో రెండు రోజులు ఇమ్మని. వెనక తొమ్మిదిమంది ఉన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "ఇది తరచూ జరుగుతుందా? ఎప్పుడో ఒకసారి జరిగేదైతే అలా రాస్తాను. పై వాళ్ళని ఇంకోసారి అడుగుతాను. ఎందుకు జరిగిందో చెప్పండి."

గట్టు మీద నుంచి క్లెమ్ లోపలికి తొంగి చూశాడు. "కుర్రాళ్ళ పనమ్మా. పదేళ్ళకోసారి జరుగుతుంది. నేనే చూశా. ముగ్గురున్నారు. ఒకడికి ఎర్ర టోపీ."

బ్రైయనీ కలం తీసింది. గ్లెనిస్ ఆ కలం వైపు చూసింది. ఎర్ర టోపీ వాడని రాస్తే ఒకవేళ నమ్ముతారు. నమ్మితే ఒక రోజు ఇస్తారేమో. క్లెమ్ ఆమె వైపు చూడడం లేదు. తొమ్మిదేళ్ళ కిందట అతను కూడా కుర్రాళ్ళ పనే అన్నాడు. అందరిముందూ ఆమె అతన్ని అబద్ధాలకోరన్నది. అతని భార్య అప్పుడు బతికి ఉంది, పక్కనే నిలబడి ఉంది.

"కుర్రాళ్ళు కాదు," అంది గ్లెనిస్. "నేనే. నిన్న నీళ్ళు తెచ్చుకుని వస్తూ, దించడం మరిచిపోయాను."

"గ్లెన్," అన్నాడు క్లెమ్.

"నువ్వుండు."

బ్రైయనీ కలం ఆగింది. "అది రాస్తే," అంది మెల్లగా, "ఆయన్ని మీరొక్కరే చూసుకోగలరా అని అడుగుతారు."

"అడుగుతారు."

"రాయాలా?"

గ్లెనిస్ చేతులు చూసుకుంది. నల్లగా ఉన్నాయి, వేలి కణుపుల దగ్గర చిట్లి ఉన్నాయి. "ఆయనకి నేను అబద్ధం చెప్పలేను. ఆయన అడుగుతాడు. మాట రాకపోయినా అడుగుతాడు. రాయి."

బ్రైయనీ వెళ్ళిపోయాక గ్లెనిస్ సంచుల మీద కూచుంది. క్లెమ్ టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు. అతను పోలేదు. కాలువలో నీళ్ళు వేలెడు వేలెడు పెరుగుతున్నాయి. నాలుగు గంటలకి పడవ ఒకసారి ఒళ్ళు విరుచుకుని, రాళ్ళ మీద నుంచి జారి, నిటారుగా తేలింది. లోపల పంపు తిప్పి వదిలేసినట్టుంది, నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు వినబడింది. ఆమె లేచి వెళ్ళి కట్టేసింది.

మర్నాడు పొద్దున గ్లెనిస్ ఏడూ నలభై బస్సు ఎక్కింది. సంచిలో రెగ్ చెప్పులు, గడ్డం గీసుకునే కత్తి, బ్రష్షు, సబ్బు పెట్టుకుంది. అంబులెన్సులో అతని పక్కన కూచుంది. అతను తన పడవ టోపీ పెట్టుకున్నాడు, ఎవరు పెట్టారో. "ఇంటికి," అన్నాడు. ఆమె కాదంది. ఎక్కడికో చెప్పింది. ఎందుకో చెప్పింది. షట్టరు అవతలిదని కూడా చెప్పింది. అతను చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. దారి పొడుగునా పొలాలే.

స్టోవర్టన్‌లో అతనికి మేడ మీద గది ఇచ్చారు. గోడకి తెల్లని తొట్టి, దానికి రెండు కుళాయిలు. గ్లెనిస్ వేణ్ణీళ్ళ కుళాయి తిప్పింది. తాళంచెవి అక్కర్లేదు. నీళ్ళు వెంటనే వేడిగా వచ్చాయి, ఆగలేదు. ఆమె అలాగే వదిలేసి చూస్తూ నిలబడింది. అద్దం మీద ఆవిరి పట్టింది. తువ్వాలు తడిపి, పిండి, రెగ్ మొహం మీద కాసేపు కప్పి ఉంచింది. తర్వాత బ్రష్షు సబ్బు మీద తిప్పి, పడిపోయిన పక్క నుంచి గడ్డం గీయడం మొదలుపెట్టింది.